మల్లికి పొలమారిన రాత్రి

మనకి పొలమారితే ఇంట్లో ఎవరో ఒకరు నెత్తిన తట్టి, "ఎవరో తలుచుకుంటున్నారు" అంటూ మంచినీళ్లు చేతిలో పెడతారు. పోయిన వానాకాలం మా కుందేలు మల్లికి పొలమారినప్పుడు మా అత్తయ్య కూడా అలాగే చెంచాతో నీళ్లు పట్టుకుని పరుగున వచ్చారు. ఆ నీళ్లు పట్టకపోవడం వల్లే మల్లి మాకు దక్కిందని ఇప్పటికీ అనుకుంటాను.

ఆ రోజు ఆఫీసు నుంచి రావడం ఆలస్యమైంది. మల్లి మంచి ఆకలి మీదుంది. పెల్లెట్ల (కుందేళ్లకి పెట్టే గుళికల మేత) గిన్నె కింద పెట్టీ పెట్టకముందే మూతి దూర్చేసింది. చేతులు కడుక్కుని వచ్చేసరికి గిన్నెకి దూరంగా, ముక్కు పైకెత్తి, మెడ సాగదీసి కూర్చుంది. అరుపు లేదు, చప్పుడు లేదు. కుందేలు ముక్కు ఎప్పుడూ చకచకా అదురుతూనే ఉంటుంది కదా, ఆ అదురు ఆగిపోయింది. ఊపిరి కోసం ఒళ్లంతా ఎగరేస్తోంది. గడ్డం కింద బొచ్చు చొంగతో తడిసిపోయింది. పెదవులు నీలం తిరుగుతున్నాయి.

దగ్గర్లోని క్లినిక్‌కి ఫోన్ చేస్తే "కుక్కలు, పిల్లులే చూస్తామండి" అన్నారు. మల్లికి గోళ్లు తీసే డాక్టరమ్మకి చేశాను. "నీళ్లు గానీ పట్టారా?" అన్నదే ఆవిడ మొదటి ప్రశ్న. లేదన్నాను. "పట్టొద్దు. నోట్లో వేలు పెట్టొద్దు, అడ్డం పడింది ఇంకా లోపలికి పోతుంది. స్పీకర్ ఆన్ చేసి, చెప్పినట్టు చేయండి."

నా ఎడమ చేతి మీద మల్లిని బోర్లా పడుకోబెట్టి, తల అరచేతి వైపు కిందికి, నడుము పైకి ఉండేలా పట్టుకున్నాను. వెన్ను కదలకుండా ఒంటికి ఆనించుకోమన్నారు. భయపడి వెనక కాళ్లతో గట్టిగా తన్నుకుంటే కుందేలుకి వెన్నెముక విరిగిపోతుందట. కుడిచేత్తో రెండు భుజాల మధ్య తట్టాను. "అంత మెల్లగా కాదమ్మా, కాస్త గట్టిగా" అన్నారు. నాలుగోసారో ఐదోసారో తట్టగానే అరచేతిలో వెచ్చగా ఏదో పడింది. శనగగింజంత ముద్ద, నానిపోయిన పెల్లెట్. ఒక్క క్షణం ఏమీ లేదు. తర్వాత ముక్కు అదిరింది. అత్తయ్య నేల మీదే కూలబడి ఏడ్చేశారు.

కుందేలుని రెండు చేతుల మధ్య పట్టుకుని పైనుంచి కిందికి ఊపే పద్ధతి ఒకటుంది. దాని గురించి కూడా డాక్టరమ్మని అడిగాను. ఇక వేరే దారే లేనప్పుడు, అదీ పక్కన ఉండి నేర్పినవాళ్లుంటేనే అన్నారు.

ముద్ద బయటికి వచ్చింది కదా అని ఆగకుండా వెంటనే తీసుకురమ్మన్నారు. కుందేలు ముక్కుతోనే ఊపిరి తీస్తుంది, వాంతి చేసుకోవడం దానికి చేతకాదు. అందుకే ఆ చొంగ, పొడి ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వస్తుందేమోనని స్టెతస్కోప్ పెట్టి విన్నారు, ఎక్స్‌రే తీశారు. ఊపిరితిత్తులు బాగానే ఉన్నాయి. అసలు సంగతి నోట్లో బయటపడింది: వెనక దవడ పళ్లు ఒక పక్కకి పెరిగి మొనదేలి ఉన్నాయి. కుందేలు పళ్లు బతికినంత కాలం పెరుగుతూనే ఉంటాయి, గడ్డి నమిలితేనే అరుగుతాయి. మల్లి నమలలేక మింగేస్తోందన్నమాట. నేనేమో గడ్డి తగ్గించి పెల్లెట్లు పెంచుతూ వచ్చాను, ఇష్టంగా తింటోంది కదా అని.

ఆ రాత్రంతా ట్రే పక్కనే కూర్చున్నాను. పది, పన్నెండు గంటలు తినకపోయినా, పెంటికలు వేయకపోయినా పొట్ట ఆడటం ఆగినట్టే, వెంటనే తెమ్మన్నారు. రెండున్నరకి కొత్తిమీర కాడ ఒకటి లాక్కుంది. తెల్లవారుజామున గుండ్రంగా ఆరు పెంటికలు. లెక్కపెట్టి మరీ డాక్టరమ్మకి మెసేజ్ పెట్టాను.

వారం తర్వాత మత్తు ఇచ్చి పళ్లు సరిచేశారు. పరగడుపున తేవక్కర్లేదు, వాంతి భయం లేదు, గడ్డి తిననివ్వండి అన్నారు. ఇప్పుడు మల్లికి గిన్నె లేదు. ముందు ట్రే నిండా ఎండుగడ్డి, అందులో చెంచాడు పెల్లెట్లు చల్లుతాను. గడ్డి తప్పించుకుంటూ ఒక్కొక్కటే వెతుక్కుని తింటుంది, అరగంట పడుతుంది. ఆ అరగంటా అత్తయ్య పక్కనే కుర్చీ వేసుకుని, దాని ముక్కు వైపే చూస్తూ కూర్చుంటారు.