చెక్క లూర్‌కి మెరుపు ఫిల్మ్ వేయడం: అసలు పని ఫిల్మ్ కిందా, అంచుల దగ్గరా

లూర్ అంటే చేపల్ని పట్టడానికి చేప రూపంలో చేసే కృత్రిమ ఎర. చేప పక్కల మీద కనిపించే వెండి మెరుపు దానికి సిల్వర్ పెయింట్‌తో రాదు. పెయింట్‌లోని లోహపు రేణువులు తలో దిక్కుకి తిరిగి ఉంటాయి కాబట్టి వెలుతురు చెదిరిపోయి బూడిదరంగు తేలుతుంది. చేప ఒంట్లో ఆ మెరుపునిచ్చేవి గ్వానిన్ స్ఫటికాలు. పలుచటి పలకల్లా పేర్చినట్టుండి, అవి అద్దంలా వెలుతురుని తిప్పికొడతాయి. లూర్ నీళ్లలో పక్కకి ఒరిగినప్పుడల్లా తళుక్కుమనే ఆ గుణం కావాలంటే ఫిల్మే వేయాలి. అయితే దాన్ని చివర్లో అంటించే స్టిక్కర్‌లా చూస్తే మాత్రం మన్నదు.

పెయింట్ సన్నటి గీతని కప్పేస్తుంది, ఫిల్మ్ అదే గీతని ఎత్తి చూపిస్తుంది. అందుకే బాల్సా లాంటి మెత్తటి చెక్కకి ముందు పలుచటి సూపర్ గ్లూ గానీ ఎపాక్సీ (రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే రెసిన్) గానీ పట్టించి, రంధ్రాలు మూసుకున్నాక 240, 400, 600 నంబర్ల సాండ్ పేపర్లతో వరసగా రుద్దాలి. ఏటవాలుగా లైటు పెట్టి చూస్తే మిగిలిన గుంటలు తెలుస్తాయి. బరువులు, కొక్కేలు తగిలించి నీళ్లలో తేలే తీరు, ఈదే తీరు చూసుకోవడం కూడా ఈ దశలోనే అయిపోవాలి. ఫిల్మ్ వేశాక బరువు సర్దడానికి రంధ్రం చేస్తే నీళ్లకి దారి ఇచ్చినట్టే. ఆఖర్న ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఇక వేళ్లు తగలనీయొద్దు.

ఫిల్మ్‌లన్నీ ఒక్కలా ప్రవర్తించవు. అల్యూమినియం ఫాయిల్ టేప్ మెత్తన, నొక్కిన చోట నొక్కినట్టు ఉండిపోతుంది. మొదలుపెట్టేవాళ్లకి నా ఓటు దీనికే. హోలోగ్రాఫిక్ వినైల్ వేడికి సాగుతుంది కానీ, బలవంతంగా సాగదీస్తే తర్వాత వెనక్కి లాక్కుని అంచుల దగ్గర లేస్తుంది. పాలియెస్టర్ ఫిల్మ్ దాదాపు సాగదు, చదునైన పక్కలున్న లూర్లకే పనికొస్తుంది. ట్రాన్స్‌ఫర్ ఫాయిల్ అన్నిటికన్నా పలుచన. జిగురు పూసి, తెల్లదనం పోయి పారదర్శకంగా అయ్యాక ఫాయిల్ నొక్కి, పైషీటు లాగేస్తే లోహపు పొర మాత్రమే మిగులుతుంది. అంచు దగ్గర ఫిల్మ్ మందం వల్ల వచ్చే మెట్టు తెలియదు. అక్కడక్కడా చిట్లుతుంది, ఆ చిట్లడం పొలుసులు రాలిన చేపలా ఉండి నాకు నచ్చుతుంది.

రెండు దిశల్లోనూ వంపు ఉన్న ఒంటికి చదును కాగితం ముడత పడకుండా చుట్టుకోదు. కాబట్టి లూర్ మొత్తాన్ని చుట్టే ప్రయత్నమే వద్దు. రెండు పక్కలకి రెండు ముక్కలు, వీపు అంచుకీ పొట్ట అంచుకీ 2-3 మిల్లీమీటర్ల ముందే ఆగిపోవాలి. మాస్కింగ్ టేప్‌ని పక్క మీద అంటించి, ఆకారం గీసి, ఊడదీసి అట్టముక్క మీద అతికించి కత్తిరిస్తే మూస తయారవుతుంది. దాన్నే తిరగేస్తే రెండో పక్క. మూలలు గుండ్రంగా కోయాలి, వాడి మూలే అన్నిటికన్నా ముందు లేస్తుంది.

పొలుసులు కావాలంటే ఫాయిల్ టేప్‌ని వెనక కాగితం తీయకుండానే, అడ్డదిడ్డంగా గీతలున్న ఆకురాయి మీద పరిచి, చెక్క పుల్లతో ఒకే దిశలో గట్టిగా రుద్దాలి. డైమండ్ గళ్లు పడతాయి. ఫాయిల్ జరిగిందా, గళ్లు రెండేసి పడి గజిబిజి అవుతుంది. చిన్న లూర్‌కి సన్నటి ఆకురాయి వాడాలి, పెద్ద గళ్లు దాని మీద నప్పవు.

అంటించేటప్పుడు వెనక కాగితాన్ని మొత్తం తీసేయకండి. మధ్యలో సన్నటి పట్టీలా చీల్చి, ఒంటి నడిమి గీత మీద ఆనించి, అక్కణ్ణుంచి వీపు వైపుకీ పొట్ట వైపుకీ కొద్దికొద్దిగా నొక్కుతూ పోవాలి. పొలుసులు చెరగకుండా మధ్య భాగాన్ని వేలి మెత్తటి వైపుతో, అంచుల్ని మాత్రం గుండ్రటి పుల్లతో గట్టిగా నొక్కాలి. గాలి చిక్కితే సన్నటి సూదితో గుచ్చండి. తోక దగ్గర ముడత వస్తే 3-4 మిల్లీమీటర్ల చిన్న చీలిక ఇచ్చి ఒకదాని మీదొకటి పడనివ్వండి. ఆ తర్వాత ఒక రాత్రి వదిలేయాలి. లేచే అంచు ఏదో ఉదయానికి తేలిపోతుంది, ఆ మేరకు కోసేయొచ్చు.

ఇప్పుడు అంచు మెట్టు పోగొట్టాలి. పలుచగా క్లియర్ కోట్ (రంగులేని పారదర్శక పూత) వేసి, ఆరాక 800 నంబర్ పేపర్‌తో తడిపి అంచు మీదే రుద్దాలి. మెట్టు గోటికి తగలనంత వరకూ ఇదే మళ్లీ. లోహం దాకా రుద్దేస్తే అతుకు కనబడకుండా సరిచేయడం కుదరదు. ఈ పొర వల్ల ఇంకో లాభం: నీటి ఆధారిత అక్రిలిక్ రంగు వట్టి లోహానికి పట్టదు, దీని మీద పడుతుంది. వీపుకి వేసే ముదురు రంగూ, పొట్టకి వేసే తెలుపూ ఫిల్మ్ అంచు మీదకి 2-3 మిల్లీమీటర్లు రావాలి. పక్కల మీద మాత్రం పారదర్శకమైన రంగులే. దళసరి రంగు పడితే ఇంత శ్రమా వృథా.

ఘాటైన థిన్నర్ ఉన్న లక్కర్లు (వార్నిష్ లాంటి పూతలు) టేప్ జిగురుని మెత్తబరుస్తాయి, కాసేపటికి ఫిల్మ్ ముడుచుకుంటుంది. వాడేముందు తునక మీద చూసుకోండి. యూవీ రెసిన్‌ని (అతినీలలోహిత కాంతి తగిలితే గట్టిపడేది) పైపూతగా వాడొచ్చు కానీ ఫిల్మ్ కింద జిగురుగా వాడొద్దు. లోహం గుండా వెలుతురు వెళ్లదు, అది పచ్చిగానే ఉండిపోతుంది.

పైపూతకి నెమ్మదిగా గట్టిపడే ఎపాక్సీ మేలు, 5 నిమిషాల రకం త్వరగా పసుపెక్కుతుంది. సీసా మీదున్న పాళ్లు ఖచ్చితంగా కొలవాలి. పాళ్లు తప్పితే ఎన్ని రోజులైనా జిగట వదలదు. ఎపాక్సీ గట్టిపడేదాకా లూర్ నెమ్మదిగా తిరుగుతూ ఉండాలి, లేకపోతే పొట్ట కింద బొట్టు కడుతుంది. పూతలో గుండ్రటి గుంటలు పడితే కింద వేలి జిడ్డో సిలికానో ఉందని అర్థం. బుడగలు పోగొట్టడానికి హెయిర్ డ్రయర్ ఎక్కువసేపు పెడితే చెక్కలోని గాలి వ్యాకోచించి కొత్త బుడగలు పుట్టుకొస్తాయి. ఒకటికి రెండు పలుచటి పూతలు చాలు, అంతకు మించితే బరువు పెరిగి ఈత మందగిస్తుంది.

నీళ్లు చొరబడేది ఎక్కువగా కొక్కేల కమ్మీలు దిగే చోట. అక్కడ టూత్‌పిక్‌తో విడిగా ఒక బొట్టు ఎపాక్సీ పెట్టండి. చేప పన్ను దిగి పూత పగిలితే, ముఖ్యంగా ఉప్పునీళ్లలో, అల్యూమినియం తుప్పు పట్టి ఫిల్మ్ కింద తెల్లటి పొడి మొదలవుతుంది. ఆ లూర్‌ని మంచినీళ్లతో కడిగి, లోపలి తేమ పూర్తిగా ఆరేదాకా ఉంచి, ఆ తర్వాతే కన్నం మూయాలి. తడి మీద మూస్తే ఆ తేమ లోపలే నిలిచి ఫిల్మ్‌ని తింటూ పోతుంది.