మంట తగ్గింది, మొద్దుదనం మిగిలింది

పగలంతా పనిలో పడి తెలిసేది కాదు. రాత్రి నడుం వాల్చగానే అరికాళ్ళలో కారం రాసినట్టు మంట మొదలయ్యేది. దుప్పటి అంచు తగిలినా ఓర్చుకోలేకపోయేదాన్ని. లేచి హాల్లో చల్లటి బండల మీద పాదాలు ఆనించి కూర్చునేదాన్ని. తిరుపతి ఎండల సంగతి తెలిసిందే కదా, ఎవరికి చెప్పినా 'వేడి చేసింది' అన్నారు. మజ్జిగ, సబ్జా గింజలు, ఆముదం, గోరింటాకు అన్నీ అయ్యాయి. గోరింటాకు పెట్టుకున్న రాత్రి కాస్త హాయిగా ఉండేది, మరుసటి రోజు మళ్ళీ మామూలే.

ధనుర్మాసం వచ్చేసరికి ఇంకో రకం. పాదాలు చల్లబడిపోయినట్టుండి జివ్వుమని లాగేవి. మా అత్త పట్టుకుని చూసి, "వెచ్చగానే ఉండాయి గదే" అనేది. నిజంగానే చేతికి వెచ్చగా తగిలేవి. చలి నాకు ఒక్కదానికే.

అయినా నాకు దిగులు పుట్టించింది మంటా కాదు, చలీ కాదు. నేను ఇంట్లో బట్టలు కుడతాను. మిషను పెడల్ మీద కాలు ఉందో జారిందో తెలియక వంగి చూసుకోవాల్సి వస్తుండేది. ఒకరోజు గాంధీ రోడ్డులో లైనింగ్ గుడ్డ కొనుక్కుని వస్తుంటే వెనకనుంచి ఒకామె, "అక్కా, నీ చెప్పు ఆడే ఊడిపోయింది చూడు" అని పిలిచింది. ఒంటి చెప్పుతో నడుస్తున్నా నాకు తెలియలేదు! ఇంటికొచ్చి చెప్తే మా అమ్మాయి, "ఇది వేడి కాదు మా, నరాల డాక్టరుకు చూపిద్దాం" అంది.

డాక్టరు గారు నన్ను కళ్ళు మూసుకోమని, 10 గ్రాముల ఒత్తిడికి వంగే నైలాన్ పోగుతో పాదం మీద అక్కడక్కడా తాకించారు. "తగిలినప్పుడల్లా చెప్పండమ్మా" అన్నారు. మడమ దగ్గర, పాదం పైన చెప్పగలిగాను. వేళ్ళ కింద తాకించినప్పుడు నేను ఊరికే కూర్చున్నానని మా అమ్మాయి తర్వాత చెప్పింది. చెప్తుంటే దాని గొంతు బొంగురుపోయింది. తడితే అదిరే ట్యూనింగ్ ఫోర్క్ బొటనవేలి ఎముక మీద పెడితే అదురు అసలు తెలియలేదు, చీలమండ దగ్గర లీలగా తెలిసింది, మోకాలి దగ్గర బాగా తెలిసింది. ఒంట్లో అన్నిటికన్నా పొడుగైన నరాలు పాదాలకు వెళ్ళేవేనట. అందుకే దెబ్బ ముందు వేళ్ళ కొసల్లో కనిపించి, మెల్లగా పైకి పాకుతుందన్నారు. దెబ్బతిన్న నరం ఉత్తినే సంకేతాలు పంపిస్తుంటే మెదడు దాన్ని మంటగానో చలిగానో తీసుకుంటుందట. అది విన్నాక, మా అత్త చేతికి తెలియని చలి నాకెందుకు తెలిసిందో అర్థమైంది.

కారణాలు రెండు తేలాయి. షుగరు చాలా ఏళ్ళుగా ఉంది, మూడు నెలల సగటు (HbA1c) 9 శాతం దాటింది. రెండోది బి12 విటమిన్ లోపం. రక్త పరీక్షలో 200 కన్నా తక్కువుంటే లోపమంటారు, నాకు 150 దగ్గరుంది. మేం నీచు ముట్టం. దానికితోడు షుగరుకు వేసుకునే మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడితే బి12 ఒంటికి సరిగా పట్టదట. ఆ బిళ్ళ మాత్రం సొంతంగా మానొద్దని గట్టిగా చెప్పారు. బి12 ఇంజెక్షన్లు, రాత్రికి నరాల నొప్పి తగ్గించే ప్రీగాబాలిన్ మాత్ర రాశారు. మొదట్లో ఆ మాత్రకు పొద్దున లేవగానే తల తిరిగేది, గోడ పట్టుకుని నడిచేదాన్ని. డోసు తగ్గించి మెల్లగా పెంచాక సర్దుకుంది. సంకటి ముద్ద చిన్నదైంది, రాత్రి నడక అలవాటైంది.

కొన్ని నెలలకు మంట బాగా తగ్గింది. తెల్లారేదాకా పడుకోగలిగిన రోజున మా ఇంటాయనను లేపి మరీ చెప్పాను. వేళ్ళ మొద్దుదనం మాత్రం పోలేదు. పూర్తిగా పోతుందని డాక్టరు గారు మాటివ్వలేదు. మంట ఉన్నప్పుడు కాళ్ళ మీద ధ్యాస దానంతటదే ఉండేది. ఇప్పుడు నొప్పి లేదు కాబట్టి నేనే ధ్యాస పెట్టాలి. స్పర్శ లేని కాలికి ముల్లు గుచ్చుకున్నా తెలియదు, షుగరుంటే ఆ పుండు తొందరగా మానదు. రోజూ పడుకునే ముందు అద్దం కింద పెట్టి అరికాలు చూసుకుంటాను, వేళ్ళ సందుల్లో తడి తుడుచుకుంటాను. స్నానం నీళ్ళ వేడి మోచేత్తో చూస్తాను. చెప్పుల్లో చెయ్యి పెట్టి దులిపిగానీ వేసుకోను. కుట్టు పనిలో గుండుసూదులు రాలుతుంటాయి కాబట్టి ఇంట్లో కూడా చెప్పులే.

కొండకు పోవడం గురించే ఎక్కువ ఆలోచించాల్సి వచ్చింది. అలిపిరి నుంచి మెట్లెక్కడం మాకు ఏటా ఉండే మొక్కు. మాడ వీధుల్లో చెప్పులు వేసుకోకూడదు. ఎండాకాలంలో కొబ్బరి పీచు పట్టాలు పరుస్తారు, తెల్ల రంగు వేస్తారు, అయినా మధ్యాహ్నం బండలు కాలుతూనే ఉంటాయి. ఆ వేడి నా కాలికి తెలిసేలోపే బొబ్బ లేస్తుంది. డాక్టరు గారిని అడిగితే, "వెళ్ళండమ్మా, కానీ ఎండలో వద్దు" అన్నారు. మొన్న బస్సులో పోయి, పొద్దు వాలాక మందపాటి సాక్సులతో మాడ వీధులు తిరిగి వచ్చాను. దిగాక మా అమ్మాయి టార్చి వేసి రెండు పాదాలూ చూసింది, ఎక్కడా ఎర్రబడలేదు. మెట్ల మొక్కు ఎలా తీర్చాలా అని ఇంకా ఆలోచిస్తున్నాం.