రెడ్ రాక్స్‌లో మైకు స్టాండు కింద ఒక రాత్రి

మొన్న వేసవిలో డెన్వర్ వెళ్ళింది బావ వాళ్ళింటికే గానీ, నా మనసంతా ఆ ఊరి పక్క కొండల్లో కచేరీలు జరిగే రెడ్ రాక్స్ మీదే ఉంది. రాక్ కచేరీల్లో అభిమానులు తీసిన రికార్డింగులు ఇరవై ఏళ్ళుగా వింటున్నాను. స్టూడియోలో శుభ్రం చేసి అమ్మే ఆల్బముల కన్నా నాకవే ఇష్టం. పక్కవాళ్ళ దగ్గు, ఎక్కడో ఓ ఈల, పాట మొదటి రెండు స్వరాలకే గుర్తుపట్టేసిన జనం కేక, అన్నీ వాటిలో ఉంటాయి. అలాంటిది ఎలా తీస్తారో దగ్గరుండి చూడాలని ఎన్నాళ్ళ నుంచో కోరిక.

నగరం నుంచి పడమరగా ఓ 15 మైళ్ళు. కారు దిగి మెట్లెక్కడం మొదలుపెట్టాకే ఆ ఎత్తు తెలిసొచ్చింది. 6,450 అడుగులు మరి! పది మెట్లకోసారి ఆగి ఊపిరి పీల్చుకున్నాను. పైకెళ్ళి చూస్తే అటు క్రియేషన్ రాక్, ఇటు షిప్ రాక్, రెండూ ఎర్రటి ఇసుకరాయి కొండలు. మధ్యలో 70 వరసల బల్లలు, అడుగున వేదిక, వేదిక వెనక మైదానం, ఆ చివర డెన్వర్. 1941లో తెరిచిన ఈ ఆరుబయలు రంగస్థలంలో 9,500 మందికి పైగా పడతారు. గ్రేట్‌ఫుల్ డెడ్ అనే అమెరికన్ రాక్ బృందం ఇక్కడ మొదటిసారి వాయించింది 1978 జులైలో, వరసగా రెండు రాత్రులు. ఆ రెండో రాత్రి రికార్డింగు ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. అయినా ఆ రాళ్ళు ఇంత దగ్గరగా, చేయి చాస్తే అందేట్టు ఉంటాయని ఎప్పుడూ ఊహించలేదు.

మేం వెళ్ళిన కచేరీ బృందం రికార్డింగుకి ఒప్పుకునే రకం. షరతు ఒక్కటే, అమ్మకూడదు. అందరూ ఒప్పుకోరు. అనుమతి లేకుండా సంగీత ప్రదర్శనని రికార్డు చేయడాన్ని అమెరికాలో 1994 నాటి ఫెడరల్ చట్టం నిషేధించింది కూడా. సౌండ్ ఇంజనీరు కూర్చునే సౌండ్ బోర్డు వెనకకి వెళ్ళేసరికి అప్పటికే నాలుగైదు స్టాండ్లు లేచి ఉన్నాయి. అరవై దాటిన ఒక పెద్దాయన తన స్టాండు బిగించుకుంటున్నాడు. ఎనిమిది అడుగుల ఎత్తు ఉంటుంది. పక్కన నిలబడొచ్చా అని అడిగితే, "నిలబడండి. మాట్లాడకుండా ఉంటే చాలు" అన్నాడు.

ఆయన చేతులనే చూస్తూ ఉండిపోయాను. చిన్న ఇనుప పట్టీ మీద రెండు మైకులు పెట్టాడు. వాటి మధ్య 17 సెంటీమీటర్లు, కోణం 110 డిగ్రీలు. మన రెండు చెవుల మధ్య దూరానికి దగ్గరగా ఉండే ఈ అమరికని ఓఆర్‌టీఎఫ్ అంటారు. కొలత పట్టీ మీదే గీతలు గీసి ఉన్నా, టేపుతో మళ్ళీ కొలిచాడు. తర్వాత బొచ్చు తొడుగులు తొడిగాడు. కొండగాలికి అవి లేకపోతే పాట బదులు గాలి హోరే మిగులుతుందట.

సంచిలోంచి పాత సోనీ టీసీ-డీ5ఎం క్యాసెట్ రికార్డరు తీసి చూపించాడు. ఇప్పుడు దాంతో పనిలేదు, తోడుగా తెచ్చుకుంటాడంతే. అప్పట్లో 90 నిమిషాల క్యాసెట్, ఒక్కో వైపు 45 నిమిషాలు. గిటారు వాయిద్యం మంచి ఊపులో ఉండగా టేపు అయిపోతే? చీకట్లో తడుముకుంటూ తిప్పి పెట్టాలి. ఆ రెండు మూడు సెకన్లు పోయినట్టే. ధ్వని ఎంత గట్టిగా పడుతోందో చూపే సూది ఎర్రగీత దాటకుండా కాపలా కాయడం ఒకటి. ఇంటికెళ్ళాక అడిగినవాళ్ళు పంపిన ఖాళీ క్యాసెట్లలోకి ఎక్కించి, డబ్బు తీసుకోకుండా తిరిగి పోస్టు చేయడం మరొకటి. కాపీకి కాపీ తీసేకొద్దీ బుసబుస పెరిగేది. 1984 అక్టోబరులో బర్క్‌లీలో గ్రేట్‌ఫుల్ డెడ్ వాళ్ళే టేపర్లకి, అంటే ఇలా కచేరీలు రికార్డు చేసే అభిమానులకి, విడిగా చోటు కేటాయించారు. అంతకుముందు ఈ మైకు స్టాండ్లు సౌండ్ ఇంజనీరుకి వేదిక కనపడకుండా అడ్డొచ్చేవి.

"ఇప్పుడు సుఖం" అన్నాడు, గుప్పెట్లో పట్టే రికార్డరు నొక్కుతూ.

నా దగ్గర చిన్న కెమెరా ఉంది. లెన్సు మార్చుకునే కెమెరాల్ని చాలా కచేరీల్లో లోపలికి రానివ్వరు. ఫ్లాష్ సంగతి మర్చిపోవాలి. అంత దూరం అందదు, పైగా ముందువాళ్ళ తలలే వెలుగుతాయి. ఎర్రలైటు పడినప్పుడు తీస్తే గాయకుడి మొహం ఒక ఎర్రముద్దగా వస్తుంది. తెల్లలైటు వచ్చేదాకా ఆగి, సెకనులో 250వ వంతుకి పెట్టి నొక్కాను. నలభై తీస్తే మూడు నిలిచాయి. వాటిలోనూ నాకు నచ్చింది వేదిక ఫొటో కాదు. వెలుగులో ఆ రెండు బొచ్చు మైకులు, వాటి వెనక ఎర్రరాయి.

చుట్టూ జనం ఫోన్లు ఎత్తి తీసుకుంటున్నారు. వాళ్ళని తప్పుపట్టను. ఇష్టమైన పాట ఒక్కటి జేబులో పెట్టుకుపోవాలని ఎవరికుండదు? కానీ ఈయన చేసేది వేరు. మూడు గంటలు నోరు మెదపలేదు. తాను ప్రాణం పెట్టే పాట వచ్చినప్పుడు పెదాలు కదిలాయి, గొంతు రాలేదు. అందరూ చప్పట్లు కొడుతుంటే రెండు చేతులూ పైకెత్తి గాల్లో ఊపాడు. ఎక్కడో ఉండి వినే మనిషి కోసం పక్కనే ఉన్న సంబరాన్ని వదులుకోవడం అంటే ఏమిటో నేనప్పుడు చూశాను. ఇరవై ఏళ్ళుగా నేను విన్నవన్నీ ఇలా నోరు మూసుకున్నవాళ్ళు ఇచ్చినవే.

రెండో భాగంలో ఒక నెమ్మదైన పాట. గిటారు ఒక్కటే మోగుతోంది. అప్పుడు వేదిక వెనక, దూరంగా మైదానం మీద మబ్బుల్లో మెరుపు పాకింది. ఆపుకోలేక బావ భుజం తట్టి ఒక మాట అనేశాను. వెంటనే నాలుక కరుచుకున్నాను. పెద్దాయన నావైపు తిరగలేదు.

కచేరీ అయ్యాక క్షమించమంటే చిరునవ్వు నవ్వి, నా మెయిల్ ఐడీ రాసుకున్నాడు.

మూడు వారాలకి లింకు వచ్చింది. ఫైళ్ళన్నీ ధ్వని ఏమాత్రం పోని ఫ్లాక్‌ రూపంలో. ఎంపీ3 అంటే టేపర్లు మొహం తిప్పేస్తారు, అందులో ధ్వని కొంత పోతుంది కాబట్టి. రాత్రి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని నేరుగా ఆ పాట దగ్గరికే వెళ్ళాను. ఎడమ చెవిలో, గుసగుసగా, నా గొంతే: "బావా, అటు చూడు." ఆ వెంటనే వెయ్యి గొంతుల్లోంచి "ఓ..." అని ఒక నిట్టూర్పు. గిటారు ఆ నిట్టూర్పుని దాటుకుంటూ పైకి లేచింది.

మెయిల్ చివర ఆయన ఇలా రాశాడు: "ఆ మాట తీసేయలేదు. ఏ భాషో, ఏమన్నారో తెలియదు. మెరుపు గురించే కదా?"