స్టాప్‌వాచ్

"అక్కా, ఎమ్మే అయిపోతే ఇక క్లినిక్ పెట్టేసుకోవచ్చు కదా?"

ఆర్కే బీచ్ గట్టు మీద మురీ మిక్చర్ తింటూ అడిగింది పక్కింటమ్మాయి. ఆంధ్రా యూనివర్సిటీలో సైకాలజీ, ఆఖరి సెమిస్టర్.

లేదమ్మా అన్నాను. క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేయాలంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, అంటే ఆర్‌సీఐ రిజిస్ట్రేషన్ ఉండాలి. అందుకు నేను చేసింది రెండేళ్ల ఎంఫిల్. యూజీసీ ఎంఫిల్‌ని ఆపేసింది కాబట్టి, ఏ కోర్సులో చేరినా ముందు ఆర్‌సీఐ గుర్తించిన కోర్సుల జాబితా చూసుకోమన్నాను. కౌన్సెలింగ్ దారి వేరు, అదీ చిన్నదేం కాదు.

ఆమె నా బ్యాగులోంచి పిల్లల తెలివితేటల టెస్టులో వాడే చెక్క ఒకటి తీసి చూసింది. మూల దగ్గర ఎర్ర రంగు అరిగిపోయింది.

ట్రైనింగులో ఓ పిల్లాడు ఇలాంటి చెక్కలే పేరుస్తూ నా చేతిలో స్టాప్‌వాచ్ చూసి ఆగిపోయాడు. వేళ్లు వణికాయి. మా సార్ ఏమీ అనకుండా ఆ వాచ్‌ని నెమ్మదిగా నా ఒళ్లోకి జరిపారు. పిల్లాడు మళ్లీ మొదలెట్టాడు.

అది ఏ పుస్తకంలో చదివి నేర్చుకునేదాన్ని?

అమ్మాయి చెక్క తిరిగివ్వలేదు. చీకటి పడేదాకా చేతిలోనే తిప్పుతూ కూర్చుంది.