రుషికుల్య నోట్లో మూడు గంటలు

బరంపురంలో ఎక్కిన ప్రైవేటు బస్సువాడు గంజాం ఊరిదాకా టికెట్ డబ్బులు తీసుకుని ఛత్రపురంలోనే దింపేశాడు. అడిగితే వెనకాల ఇంకో బస్సుందన్నాడు. అరగంట చూసినా రాలేదు. చివరికి ఆటోలో, ఒడిశాలో రుషికుల్య ఏరు సముద్రంలో కలిసే చోట ఉన్న పురుణబంధ ఊరు చేరేసరికి 400 రూపాయలు వదిలాయి. ఆ కోపం ఏటి ఒడ్డుకు వెళ్లేదాకా తగ్గలేదు.

నేను వెళ్లింది అక్కడ గుడ్లు పెట్టడానికి వచ్చే సముద్రపు తాబేళ్ల కోసం కాదు, పడవ కోసం. కాకినాడలో మా బావా నేనూ కలిసి, లోపల పడుకునే వీలున్న తెరచాప పడవ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొనాలని రెండేళ్లుగా అనుకుంటున్నాం. హోప్ ఐలాండ్ చుట్టూ, కోరంగి పాయల్లో, యానాం దాకా తిరగాలని కోరిక. గోవాలో ఒకటి చూశాం, భలే అందంగా ఉంది. అయితే దాని కీల్, అంటే అడుగున దించిన బరువైన రెక్క, నీళ్లలో నాలుగున్నర అడుగులు దిగుతుంది. అమ్మేవాడేమో ఎంత లోతుంటే అంత సేఫ్ అంటాడు. నడి సముద్రంలో నిజమే, గాలికి ఎదురెళ్లేటప్పుడు పక్కకి కొట్టుకుపోకుండా ఆపేది అదే. కానీ కోరంగి పాయల్లో పోటు తీసేశాక నాలుగున్నర అడుగుల నీళ్లు ఎక్కడున్నాయి?

రుషికుల్య మొగలో ఇసక మేటలు ఏటేటా చోటు మారతాయనీ, అక్కడి మన తెలుగు జాలర్లు వాటి మధ్యే పడవలు నడుపుతారనీ బరంపురంలో ఉండే మా పిన్ని కొడుకు చెబితే బయల్దేరాను. 1936కి ముందు ఇదంతా మద్రాసు రాజ్యమే కదా, ఒడ్డున వలలు బాగుచేసుకుంటున్నవాళ్ల నోట మన శ్రీకాకుళం యాస వినగానే బస్సు సంగతి మర్చిపోయాను.

నన్ను ఎక్కించుకున్న తాతకి డెబ్భై దాటి ఉంటాయి. తాబేళ్ల ఆంక్షలున్న రోజులు కాబట్టి సముద్రంలోకి రానన్నాడు, ఏటి నోట్లోనే తిప్పుతానన్నాడు. ఫైబర్ పడవ, అడుగు చదును. నీళ్లు పలచబడ్డ చోట మోటారు పైకెత్తేసి వెదురు గెడ దించాడు. దాన్ని పైకి లాగి కొసన అంటుకున్నదాన్ని వేళ్లతో నలిపి చూశాడు. గరగరలాడే ఇసక. పూర్వం ఓడల వాళ్లు సీసం గుండు అడుగున కొవ్వు రాసి లోతుకి వదిలేవాళ్లట, కింద ఏముందో దానికి అంటుకుని వచ్చేది. అదే పని ఈయన గెడతో చేస్తున్నాడు.

మేట మీద దిగి చూస్తూ నిలబడిపోయాం, ఈలోగా ఆటు లాగేసింది. పడవ ఇసక మీద కూర్చుంది, ఇద్దరం తోసినా కదల్లేదు. నాకు టెన్షన్. తాత చద్దన్నం గిన్నె తీసి బల్ల మీద పెట్టాడు. అందులో మజ్జిగ ఒక పక్కకి కూడా ఒరగలేదు, పడవ అంత నిటారుగా కూర్చుంది. ఎండుచేప ముక్క నాకూ పెట్టి, నా గోవా పడవ కథంతా విని, ఒక్కటే అడిగాడు.

"నీరు పోతే నీ పడవ ఏటి సేస్తాది బాబూ? కూకుంటాదా, పడుకుంటాదా?"

పడుకుంటుంది తాతా అన్నాను. ఒంటి కీల్ పడవ నీళ్లు పోతే పక్కకి వాలిపోతుంది, పొయ్యీ పక్కా అన్నీ గోడెక్కుతాయి. నీళ్లు పోతున్నప్పుడు తగులుకుంటే మళ్లీ పోటు వచ్చేదాకా అంతే. అదే పౌర్ణమి పోటు నిండుగా ఉన్నప్పుడు ఎక్కి కూర్చుంటే మరీ ఘోరం, అష్టమి నాటి చిన్న పోటు దాన్ని లేపలేదు, అమావాస్య దాకా ఆగాల్సిందే.

బావకి సెంటర్‌బోర్డు పడవ ఇష్టం. రెక్క పైకి లాగేస్తే అడుగు నీళ్లలో కూడా పోతుంది, కాదనను. కానీ ఆ రెక్క దిగే సందులో ఇసకా గుల్లలూ ఇరుక్కుంటే దించలేం, పైగా పైకి లాగిన రెక్క ఉండే పెట్టె క్యాబిన్ మధ్యలో చోటు తినేస్తుంది. నా మనసు రెండు కీల్‌ల పడవ మీదే ఉంది, అంటే అడుగున చెరో పక్కా ఒక రెక్క ఉన్నది. 1969లో బ్రిటన్‌లో మొదలైన వెస్టర్లీ సెంటార్ అలాంటిదే. 26 అడుగుల పొడవు, మూడడుగుల నీళ్లు చాలు, నీళ్లు పోతే రెండు కాళ్ల మీద నిలబడుతుంది. గాలికి ఎదురు కాస్త మందంగా పోతుంది, పోనీ, మేం పందేలకు వెళ్లడం లేదు కదా. నాకున్న బెంగ వేరే. మన దగ్గర అడుగంతా బురద, ఒక కీల్ మెత్తటి చోట, రెండోది గట్టి చోట పడితే అదీ ఒరుగుతుంది. ఆ మాటే చెబితే, లంగరు వేసే ముందు చుట్టూ నాలుగు చోట్ల గెడ దించి చూసుకోమన్నాడు తాత.

మూడు గంటలయ్యాక పడవ కింద నీళ్లు గలగలమన్నాయి. తాత గెడ ఒక్కసారి పొడిచాడు, తేలింది.

ఆ రాత్రి బరంపురం లాడ్జిలోంచి, రెండు కీల్‌ల పడవ ఒకటి అమ్మకానికి పెట్టిన ఇంకో ఆయనకి ఫోన్ చేసి, నీళ్లు లేనప్పుడు అది బురదలో నిలబడి ఉన్న ఫొటో పంపమన్నాను. ఇప్పటిదాకా క్యాబిన్ లోపలి పరుపుల ఫొటోలే పంపాడు.