సమాన గుర్తు నెత్తిన తెలుగు మాట: లేటెక్‌లో సొంత సంకేతాలు

గోదావరి డెల్టా కాలువల లెక్కలను తెలుగులో పాఠంగా లేటెక్‌లో (కమాండ్లు రాసి పాఠాన్నీ సమీకరణాలనూ అచ్చుకి కూర్చే సాఫ్ట్‌వేర్) అచ్చుకి సిద్ధం చేయడానికి నాకు నాలుగు కావలసి వచ్చాయి: సమాన గుర్తు నెత్తిన ‘నిరంతరత’ అన్న మాట, తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాల ప్రవాహాల మొత్తం కింద బ్రేస్ (మీసాల బ్రాకెట్), దాని కింద పేరు, ‘గరిష్ఠ’ అనే ఆపరేటర్, రెండు కాలువలు కలిసే చోటుకి వృత్తంలో అల ఉన్న కొత్త గుర్తు. గుర్తు గీయడం తేలికే. అది ఏ కోవదో (సమానం లాంటి సంబంధమా, కూడిక లాంటి క్రియా గుర్తా, ఆపరేటరా, మామూలు అక్షరమా) లేటెక్‌కి చెప్పడంలోనే ఉంది పనంతా, చుట్టూ ఎడం దాన్నిబట్టే పడుతుంది.

ముందు అక్షరాల సంగతి. జీలేటెక్‌లో (యూనికోడ్ ఫాంట్లు వాడుకోగల లేటెక్ రూపం) ఫాంట్‌స్పెక్ ప్యాకేజీతో ఫాంటు పెట్టేటప్పుడు స్క్రిప్ట్ ఐచ్ఛికంలో తెలుగు అని రాయాలి, లేకపోతే ఒత్తులు విడిపోతాయి. గణిత భాగంలో తెలుగు అక్షరాలను నేరుగా టైపు చేస్తే గణిత ఫాంటులో అవి ఉండవు కనుక పీడీఎఫ్‌లో అక్కడ ఖాళీ వస్తుంది, పని మాత్రం ఆగదు. ఫాంటులో లేని అక్షరాల గురించి చెప్పే ట్రేసింగ్‌లాస్ట్‌చార్స్ విలువను 3 చేస్తే అలాంటి చోట ఎర్రర్ వస్తుంది. 2021 నుంచి వచ్చిన టెక్ లైవ్‌లన్నిటిలో (లేటెక్‌నూ ప్యాకేజీలనూ కలిపి ఏటా ఇచ్చే సంచికలు) ఇది పనిచేస్తుంది. ప్రతి తెలుగు మాటనూ గణిత ప్యాకేజీ ఏఎంఎస్‌మ్యాథ్‌లోని టెక్స్ట్ కమాండ్‌లో పెట్టాలి. కొత్త ఆపరేటర్‌ని నిర్వచించే డిక్లేర్‌మ్యాథ్‌ఆపరేటర్‌లో ‘గరిష్ఠ’ రాసేటప్పుడూ అంతే. దాని నక్షత్రం రూపం వాడితే, విడిగా వేసిన సమీకరణంలో హద్దులు ఆపరేటర్ కిందికి వస్తాయి.

సమాన గుర్తుకి, ఒక గుర్తు నెత్తిన మాట పెట్టే ఓవర్‌సెట్ కమాండ్ సరిపోతుంది. కింది గుర్తు కోవను అది అలాగే నిలుపుతుంది. పాత స్టాక్‌రెల్ అయితే దేన్నైనా సంబంధంగానే లెక్కిస్తుంది, కూడిక గుర్తు మీద పెడితే ఎడం తప్పుతుంది. పై మాట చిన్న సైజులో పడుతుంది: 10 పాయింట్ల పాఠంలో 7, 12 పాయింట్లలో 8. తెలుగు ఒత్తులు 7లో చదవలేం, అందుకని పాఠాన్ని 12కి మార్చాను. ఒత్తున్న మాట గుర్తుకి మరీ దగ్గరైతే, టెక్స్ట్ లోపల సున్నా వెడల్పుతో 4 పాయింట్లు కిందికి దిగే రూల్ (కనిపించని గీత) ఒకటి పెడితే కాస్త ఎడం వస్తుంది. మాట పొడవైతే సమాన గుర్తుకి రెండు పక్కలా ఖాళీ పెరుగుతుంది. మాట వెడల్పును సున్నాగా లెక్కించే మ్యాథ్‌క్లాప్ ఆ ఖాళీని తీసేస్తుంది కానీ మాట పక్క అక్షరాల మీదికి పోతుంది. ఎక్స్‌ట్‌ఆరోస్ ప్యాకేజీలోని ఎక్స్‌లాంగ్‌ఈక్వల్ గుర్తునే సాగదీస్తుంది. నాకు నచ్చింది అదే.

నన్ను ఎక్కువ తిప్పలు పెట్టింది, కింద బ్రేస్ వేసే అండర్‌బ్రేస్ కమాండ్. మూడు డెల్టాల ప్రవాహాలకు బ్రేస్ వేసి, పక్కన కూడిక గుర్తు, నష్టాల పదం రాస్తే, ఆ గుర్తు ఎడమన కొంచెం ఖాళీతో, కుడి పదానికి అతుక్కుని పడింది. అండర్‌బ్రేస్ లోపల ఆపరేటర్ కోవది కావడమే కారణం: ఆపరేటర్ తర్వాత వచ్చిన కూడికను టెక్ (లేటెక్ అడుగునున్న ఇంజిన్) మామూలు అక్షరంగా చూస్తుంది, రెండు పక్కలా రావలసిన 4 మ్యూల ఎడం పోతుంది. మ్యూ అంటే గణితంలో ఎడం కొలత, 18 మ్యూలు ఒక ఎమ్ (దాదాపు ఫాంటు సైజంత వెడల్పు). బ్రేస్‌నీ దాని పేరునీ కలిపి ఇంకో జత మీసాల బ్రాకెట్లలో పెడితే సరి.

కొత్త గుర్తుకి, ఒక గుర్తు మీద ఇంకోటి పేర్చే ఊఅలైన్ వాడి బిగ్‌సర్క్ (వృత్తం) మీద సిమ్‌ను (అల) కూర్చోబెట్టాను. నడిమికి రావడానికి సిమ్ రెండు పక్కలా హైడ్‌విడ్త్ (వెడల్పును లెక్కలోకి రానివ్వని కమాండ్) కావాలి. అంతా మ్యాథ్‌బిన్‌లో, అంటే కూడిక లాంటి క్రియా గుర్తుగా లెక్కించే కమాండ్‌లో. సమీకరణంలో బాగుంది, పాదాంకంలోకి (సబ్‌స్క్రిప్ట్) వెళ్లేసరికి మాత్రం తగ్గకుండా పెద్దగానే నిలిచింది. లోపలి డాలరు గుర్తులు ప్రతిసారీ మామూలు శైలినే మొదలుపెడతాయి మరి. మ్యాథ్‌ప్యాలెట్ ద్వారా రాస్తే అప్పటి శైలి ఏదో సాయం కమాండ్‌కి మొదటి ఆర్గ్యుమెంట్‌గా అందుతుంది. దాన్ని రెండు గుర్తుల ముందూ పెట్టాలి. గుర్తును నాలుగు శైలుల్లోనూ (విడి సమీకరణం, వాక్యం మధ్య, పాదాంకం, పాదాంకానికి పాదాంకం) ఒకే వరుసలో అచ్చువేసి చూసుకోండి. పాదాంకాల్లో మ్యాథ్‌బిన్ ఎడం కనిపించదు, అది టెక్ నియమమే, తప్పు కాదు.

కమాండ్ పేరుకి ఒంటి అక్షరం వద్దు: సి, డి, బి లాంటివి ఇప్పటికే ఉచ్చారణ గుర్తులవి. అధ్యాయం శీర్షికలో మీ గుర్తు వస్తే, పీడీఎఫ్‌లో లింకులూ బుక్‌మార్కులూ పెట్టే హైపర్‌రెఫ్ ప్యాకేజీ హెచ్చరిస్తుంది. అక్కడ టెక్స్‌ఆర్‌పీడీఎఫ్‌స్ట్రింగ్‌లో ఒక వైపు గుర్తు, రెండో వైపు ‘సంగమం’ అన్న మాట పెట్టాను, బుక్‌మార్కులో ఆ మాటే పడుతుంది.