పాత కాలిన మచ్చ మీద మానని పుండు

చర్మ క్యాన్సర్ తెల్లతోలు దేశాల జబ్బనీ, ఎండలో పుట్టి పెరిగిన మనకు రాదనీ మా వరంగల్ వైపు చదువుకున్నవారు కూడా అంటుంటారు. మన చర్మంలోని మెలనిన్ ఎండ నుంచి చాలావరకు కాపాడే మాట నిజమే గానీ, స్క్వామస్ సెల్ కార్సినోమా అనే రకం చర్మ క్యాన్సర్‌కు ఎండ ఒక్కటే కారణం కానక్కరలేదు. ఎప్పుడో కాలిన మచ్చ, ఏళ్ల తరబడి మానని పుండు, ఆర్సెనిక్ కలిసిన నీళ్లు కూడా దానికి దారి తీస్తాయి. కాశ్మీరులో ఒంటికి ఆనించుకునే కాంగ్డీ కుంపటి వల్ల పొట్ట మీద, తొడల మీద వస్తుంది. పంచె బిగించి కట్టే నడుము దగ్గర వచ్చిన కేసులు సైతం మన దేశ వైద్యులు నమోదు చేశారు.

మా పెద్దబాపుది కాలిన మచ్చే. మోకాలి కింద ఉన్న ఆ మచ్చ, చేనులో పత్తికట్టె గీరుకున్నప్పుడల్లా పగిలి మానుతుండేది. ఒకసారి మాత్రం మానలేదు. ఊళ్లో ఆర్‌ఎంపీ దాన్ని షుగర్ పుండన్నారు, పరీక్షలో షుగర్ లేదని తేలాక కూడా కట్లు మారుస్తూనే పోయారు. వరంగల్‌లో చర్మవ్యాధుల డాక్టరు గారు కట్టు విప్పించి ముందుగా పుండు అంచును తడిమారు. అంచు గట్టిపడి, పైకి లేచి, బయటికి తిరిగి ఉంది. ముట్టుకుంటే నెత్తురు చెమర్చింది. వెంటనే గజ్జలో బిళ్లలున్నాయేమోనని చూశారు, ఎందుకంటే కాలి మీది ఈ జబ్బు పాకితే సాధారణంగా మొదట చేరేది అక్కడికే.

"ముక్క తీస్తే బీమారి పెరుగుతదంటరు గద సారూ" అన్నారు పెద్దబాపు. ఈ భయం మన దగ్గర చాలామందిని బయాప్సీకి దూరం చేస్తోంది. ముక్క తీసినంత మాత్రాన ఇది పాకదు. అయితే ఎక్కడ తీశారన్నది ముఖ్యం: పుండు నడుమ కుళ్లిన కండ మాత్రమే దొరికి జబ్బు బయటపడకపోవచ్చు కనుక, అంచు నుంచి, కొంత లోతుగా, అవసరమైతే రెండు మూడు చోట్ల తీయాలి.

1828లో ఇటువంటి మచ్చల పుండ్లను వర్ణించిన ఫ్రెంచి సర్జన్ పేరు మీద దీన్ని మార్జొలిన్ అల్సర్ అంటారు. కాలిన నాటికీ క్యాన్సర్‌కూ నడుమ తరచుగా 30 ఏళ్లు గడుస్తాయి. ఎండ వల్ల వచ్చే వాటికంటే ఇవి బిళ్లలకు ఎక్కువగా పాకుతాయి కాబట్టి, తక్కువ ప్రమాదమున్న గడ్డకు చుట్టూ 4 నుంచి 6 మిల్లీమీటర్ల మంచి చర్మంతో కోస్తే సరిపోయే చోట, వీటికి 2 సెంటీమీటర్ల దాకా తీసి, తొడ చర్మాన్ని అతికిస్తారు. ఎముక దాకా పోతే కొన్నిసార్లు కాలు తీయక తప్పదు. బిళ్లలు తగిలితే సూదితో పరీక్షించి, ఆపరేషనో రేడియేషనో నిర్ణయిస్తారు. కోయడానికి వీలుకాని దశకు 2018లో అమెరికాలో ఆమోదం పొందిన సెమిప్లిమాబ్ అనే మందు ఉంది గానీ, దాని ఖర్చు రైతు కుటుంబం మోసేది కాదు.

తిరగబెట్టేవాటిలో ఎక్కువ భాగం మొదటి 2 ఏళ్లలోనే కనిపిస్తాయి. అందుకని అతికించిన చర్మం అంచులనూ, గజ్జలనూ, మిగిలిన పాత మచ్చనూ కొన్ని నెలలకొకసారి చూపించుకోవాలి. పత్తి ఏరే రోజుల్లో రానని పెద్దబాపు మొండికేస్తే, మా అన్న తెల్లవారకముందే బండి తీసి ఆయనను ఎక్కించుకుపోతున్నాడు.